గిన్జా గడపలు

"కొనేది లేనప్పుడు ఆ వీధికి వెళ్ళడం దేనికి?" అని మా బావ ఫోనులో అడిగాడు. ఆఫీసు పని మీద టోక్యో వెళ్ళి, నడుమ ఒక ఆదివారం ఖాళీ దొరికితే ఆ పూటంతా గిన్జాలో గడిపానని చెప్పినప్పుడు ఆయన నోటి వెంట వచ్చిన మొదటి మాట అది. అందులో వెటకారం లేదు. అంగడి వీధికి అవసరం ఉన్నవాడు వెళ్తాడు, డబ్బున్నవాడు వెళ్తాడు, ఈ రెండూ లేనివాడు వెళ్తే కాళ్ళు పీకడం తప్ప ఒరిగేదేమీ ఉండదని ఆయన నిజంగానే నమ్ముతాడు. "ఊరికే చూద్దామని వెళ్ళాను బావా" అన్నాను. "చూడడానికి అక్కడ గుళ్ళున్నాయి కదయ్యా" అన్నాడు.

సంభాషణ అక్కడితో ముగిసింది కాని ప్రశ్న నన్ను వదలలేదు. ఊరికే చూడడమనేది అంత తేలికగా కొట్టిపారేయవలసిన పని కాదని నా అభిప్రాయం. కొనకుండా చూసే వీలు అంగళ్ళలో మొదటినుంచీ ఉన్నది కాదు. ఒకప్పుడు వర్తకులు తమ లాభం కోసమే దానిని జనానికి ఇచ్చారు, జనం దానిని తమదిగా చేసుకున్నారు, ఇప్పుడు అదే వీధిలో కొన్ని దుకాణాలు దానిని మెల్లగా వెనక్కు తీసుకుంటున్నాయి. గిన్జాలో ఆ పూట నేను చూసినవాటిలో వస్తువులకంటె గడపలే నాకు ఎక్కువగా గుర్తుండిపోవడానికి కారణం ఇదేననుకుంటాను.

ముందు పేరు గురించి ఒక మాట. పత్రికలు "గింజా" అని రాస్తాయి. అలా రాస్తే నాకు వడ్లగింజ కళ్ళముందు మెదులుతుంది కనుక "గిన్జా" అని రాసుకుంటున్నాను, పాఠకులు మన్నించాలి. ఆ మాటకు అర్థం వెండి టంకశాల. జపానును ఏలిన తొకుగవా షోగన్లనే సేనాధిపతుల కాలంలో, 1612లో, వెండి నాణేలు పోసే టంకశాలను ఇక్కడికి తరలించారు. శతాబ్దాల క్రితమే టంకశాల ఇంకో చోటికి పోయినా పేరు మాత్రం నిలిచిపోయింది. వీధికి వీధిగా ప్రతిష్ఠ వచ్చింది ఆ తరవాత చాలా కాలానికి, అదీ ఒక అగ్నిప్రమాదం పుణ్యాన.

చెప్పులతోనే లోపలికి

జపానులో పాత బట్టల దుకాణాలలో అమ్మకం కూర్చుని జరిగేది. కొనవచ్చినవాడు చెప్పులు విప్పి, చాపలు పరిచిన అరుగెక్కి కూర్చోవాలి. తనకేం కావాలో గుమాస్తాకు చెప్పుకోవాలి. గుమాస్తా మనిషిని పైనుంచి కిందికి ఒకసారి అంచనా వేసి, లోపల గిడ్డంగిలోనుంచి తగిన బట్ట తెప్పించి ముందు పరిచేవాడు. మన పాత జవుళి దుకాణాలను ఎరిగినవారికి ఈ పద్ధతిని ఇంతకంటె వివరించనక్కరలేదు. ఎచిగోయా అనే బట్టల దుకాణం 1673లోనే బేరాలు లేని ఒకే ధర, రొక్కం చేతికిస్తేనే సరుకు అనే రెండు కొత్త నియమాలు పెట్టి పేరు తెచ్చుకుంది కాని, కూర్చోబెట్టి అమ్మే పద్ధతి మాత్రం అక్కడా మారలేదు. ఆ దుకాణమే పెరిగి పెరిగి తరవాత మిత్సుకోషి అయింది. సరుకంతటినీ జనం కళ్ళెదుట అద్దాల అరలలో పెట్టే ఏర్పాటు వారికి పూర్తిగా కుదిరేసరికి 1900 వచ్చింది. అంటే రెండు వందల ఏళ్ళకు పైగా ఆ దుకాణంలో ఉన్నదేమిటో తెలియాలంటే ముందు తనకేం కావాలో చెప్పుకోవలసిందే.

గిన్జా కథ దీనికి ఒక పక్కగా నడిచింది. 1872లో పెద్ద మంట లేచి ఆ ప్రాంతం బూడిదైంది. అదే ఏడు షింబాషి నుంచి యొకొహామాకు రైలు పడింది. షింబాషి స్టేషను గిన్జా కొసనే ఉంది కనుక, విదేశీయులు రైలు దిగగానే కంటపడే వీధి పాశ్చాత్య నగరంలా కనిపించాలని ప్రభుత్వం పట్టుబట్టి, ఐర్లండులో పుట్టిన థామస్ వాటర్స్ అనే ఇంజనీరు చేత ఇటుక భవనాల పేట కట్టించింది. ప్రధాన వీధిని దాదాపు 27 మీటర్లకు వెడల్పు చేసి, నడిచేవారికి వేరుగా కాలిబాట వేశారు. 1874లో గ్యాసు దీపాలు పెట్టారు. అన్నీ బాగానే ఉన్నాయి, ఆ ఇళ్ళలో ఉండడానికే మనుషులు రాలేదు. ఇటుక గోడలు చెమ్మ పీల్చుకున్నాయి, గాలి ఆడలేదు, అద్దెలు ఎక్కువ. చాలా ఇళ్ళు చాలాకాలం ఖాళీగా పడి ఉన్నాయి. దారి పొడవునా నాటిన చెర్రీ, పైన్ చెట్లకు కూడా ఆ తడినేల పడక, చివరకు విల్లో చెట్లే బతికి బట్టకట్టాయి.

ఖాళీ ఇళ్ళలోకి వచ్చినవారు పాత పేరుగల వర్తకులు కాదు. గడియారాలు, కళ్ళద్దాలు, రొట్టెలు, మందులు, వార్తాపత్రికలు, అంటే కొత్త కాలపు సరుకులు పట్టుకుని, పోగొట్టుకోవడానికి పెద్దగా పరువు లేని కొత్తవారు వచ్చారు. వీరికి గిడ్డంగులూ లేవు, తరతరాల ఖాతాదారులూ లేరు. దారిన పోయేవాడి కంట పడకపోతే పొట్ట గడవదు. కనుక సరుకును వీధి వైపుకు తిప్పి పెట్టారు.

ఇంతకంటె ముఖ్యమైనది కన్‌కోబా అనే ఏర్పాటు. 1877లో జరిగిన పారిశ్రామిక ప్రదర్శనలో మిగిలిపోయిన సరుకును అమ్మడానికి మరుసటి ఏడు టోక్యోలోనే మొదలైన ఈ బజార్లు తరవాత గిన్జాకు బాగా పాకాయి. ఒకే కప్పు కింద పలువురు వర్తకుల సరుకు, ప్రతి వస్తువుకూ ధర చీటీ, ఒక గుమ్మంలోంచి ప్రవేశించి అన్నీ చూసుకుంటూ మరో గుమ్మంలోంచి బయటపడే దారి. చెప్పులు విప్పనక్కరలేదు. ఎవరూ "ఏం కావాలి?" అని అడగరు. నగరంలో డబ్బులేని విద్యార్థి నుంచి పనిమనిషి వరకు ఎవరైనా సంపన్నుల వస్తువులను దగ్గరగా చూసి, వాటి ధర చదివి, ఏమీ కొనకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా బయటికి రాగలిగారు. 1899లో షింబాషి కొసన వెలసిన ఇలాంటి బజారు ఒకటి పేరు నిలుపుకుని ఇవాళ పిల్లల బొమ్మల దుకాణంగా ఉంది. నేను వెళ్ళినప్పుడు అందులో పిల్లలకంటె వాళ్ళ తండ్రులే ఎక్కువ సేపు ఆగి చూస్తున్నారు.

1923 భూకంపం ఇటుక పేటను నేలమట్టం చేశాక గిన్జాకు డిపార్ట్‌మెంట్ స్టోర్లు వచ్చాయి. 1924 చివర తెరిచిన మత్సుజకాయా వారు కొనవచ్చినవారిని పాదరక్షలతోనే లోపలికి రానిచ్చారు. ఇప్పుడు చదివితే చిన్న సంగతిలాగే ఉంటుంది. అంతకుముందు పెద్ద స్టోర్ల గుమ్మం దగ్గర పాదరక్షలు అప్పగించి చీటీ తీసుకోవలసి వచ్చేదని తలచుకుంటే, ఆ గుమ్మం ఎంత తగ్గిందో తెలుస్తుంది. చెప్పులు అప్పగించినవాడు ఊరికే ఒక చుట్టు చుట్టి పోదామని రాడు, వచ్చినా అప్పగించిన చెప్పులు వెనక నుంచి పిలుస్తూనే ఉంటాయి.

ఈ వీధిలో ఊరికే తిరగడానికి జపాను భాషలో ఒక మాటే పుట్టింది, గిన్‌బురా. గిన్జాలో "బురబుర" తిరగడమని నిఘంటువులు చెబుతాయి. 1911లో పుట్టిన ఒక కాఫీ హోటలుకు నడిచివెళ్ళి బ్రెజిల్ కాఫీ తాగడమే గిన్‌బురా అని వాదించేవారు కూడా ఉన్నారు. కాఫీ అమ్మేవారికి ఆ వ్యుత్పత్తి బాగుంటుందని వేరే చెప్పాలా?

తాడు వెనక

ఇప్పుడు నాకు ఎదురైనదానికి వస్తాను. ప్రధాన వీధి మీద ఒక ప్రసిద్ధమైన హ్యాండ్‌బ్యాగుల దుకాణం ముందు పాతిక ముప్పై మంది వరుసలో నిలబడి ఉన్నారు. పేరు అనవసరం, ఇలాంటివి ఆ వీధిలో చాలా ఉన్నాయి. వరుసకు తాడు కట్టి ఉంది. తలుపు మూసి ఉంది. నల్ల కోట్లు వేసుకుని చెవిలో తీగలు పెట్టుకున్న ఇద్దరు మనుషులు, లోపలి నుంచి ఒకరు బయటపడితే ఇక్కడి నుంచి ఒకరిని లోపలికి పంపుతున్నారు. చూసి పోదామని నేనూ నిలబడ్డాను. ముందుగా సమయం తీసుకున్నారా అని ఒకాయన ఎంతో మర్యాదగా అడిగాడు. లేదంటే, నలభై అయిదు నిమిషాలు పట్టవచ్చునని అంతే మర్యాదగా చెప్పాడు. నిజంగానే అంతసేపు పట్టింది.

లోపలికి వెళ్ళగానే తెల్లని చేతితొడుగులు వేసుకున్న ఒక అమ్మాయి వంగి నమస్కరించి, సోఫా చూపించి, పళ్ళెంలో మంచినీళ్ళు పెట్టి, ఏం చూపించమంటారని అడిగింది. అప్పటికి అద్దాల వెనక ఉన్న నాలుగైదు బ్యాగులను దూరం నుంచి చూడడం తప్ప నేనేమీ చేయలేదు. అంతసేపు నిలబడి, నీళ్ళు కూడా తాగాక, "ఊరికే చూద్దామని" అనడానికి నాలుక రాలేదు. "మా ఆవిడ కోసం" అన్నాను. అబద్ధం. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి బట్టలో చుట్టిన రెండు బ్యాగులను పళ్ళెం మీద పెట్టి తెచ్చి, ఒక్కొక్కదానినీ విప్పి నా ముందు పెట్టింది. నేను తలూపాను, కుట్టు బాగుందన్నాను, ఆలోచించుకుని వస్తానన్నాను. ఆమె వీధి గడప దాకా వచ్చి వంగి నమస్కరించి, నేను మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది. పిలవని పెళ్ళిలో భోంచేసి చేయి కడుక్కున్నవాడిలా అక్కడినుంచి నడిచాను.

ఆ సిగ్గు తగ్గడానికి ఒక వీధి పొడవు పట్టింది. తగ్గాక తోచినదేమిటంటే, నేను కూర్చుని వచ్చింది పందొమ్మిదో శతాబ్దపు బట్టల దుకాణంలో. గుమ్మం దగ్గర అంచనా, లోపల ఆసనం, "ఏం కావాలి?" అనే ప్రశ్న, గిడ్డంగిలోనుంచి వచ్చే సరుకు, అన్నీ ఉన్నాయి. చెప్పులు విప్పమనలేదు, అంతే. ఏ పద్ధతిని కాదని ఈ వీధి పుట్టి పెరిగిందో, ఆ పద్ధతినే ఇవాళ అతి ఖరీదైన మర్యాదగా తిరిగి తెచ్చి అదే వీధిలో పెట్టారు.

దీనికి సమాధానాలు లేకపోలేదు. ఒక మనిషికి ఒక గుమాస్తా అన్న లెక్క తప్పకూడదంటే గుమ్మం దగ్గర ఆపక తప్పదు. వందమందిని ఒకేసారి వదిలితే ఎవరినీ పట్టించుకోలేరు, తోలు వస్తువు మీద గోటి గీత పడితే దానిని ఎవరూ కొనరు. పైగా, కూర్చోబెట్టి అమ్మే పాత పద్ధతిలో గుమాస్తాకు ఇంటి మనుషులు, వారి అభిరుచులు, వారి ఇళ్ళలో జరగబోయే పెళ్ళిళ్ళు తెలిసి ఉండేవి. ఆ పరిచయం వట్టి వ్యాపారమే కాదు. ఎదురుగా పెట్టి అమ్మడం మాత్రం ధర్మకార్యమా? మనిషికి అంతదాకా లేని కోరికను కళ్ళగుండా లోపలికి పంపడానికే అద్దాల కిటికీ పుట్టింది. ఈ మాటలన్నీ ఒప్పుకుంటాను. చివరి మాటనైతే గట్టిగానే ఒప్పుకుంటాను, ఎందుకంటే అలాంటి కోరికల బిల్లులు నేనూ కట్టాను.

అయినా ఒక తేడా మిగిలిపోతుంది. కూర్చోబెట్టే దుకాణంలో చూడడం కంటె ముందే కోరిక చెప్పుకోవాలి, అది లేకపోతే నాలాగా కల్పించుకోవాలి. ఎదురుగా పెట్టిన దుకాణంలో ముందు చూపు, తరవాత కోరిక, ఆ రెండింటి మధ్య ఎవరూ లేరు. చూపు కోరికగా మారకుండా చూపుగానే ఆగిపోయినా అడిగేవారు ఉండరు. గిన్జా నాలుగో చోమె (అంటే నాలుగో పేట) కూడలిలో హత్తోరి గడియారాల సంస్థ 1932లో కట్టిన వాకో భవనం కిటికీల ముందు నిలబడ్డవారిని చూస్తే ఇది అర్థమవుతుంది. ఆ కిటికీలలో అలంకరణ ఎక్కువ, సరుకు తక్కువ. నేను వెళ్ళినప్పుడు వాటి ముందు ఒక పెద్దాయన మనవరాలిని ఎత్తుకుని చాలాసేపు నిలబడ్డాడు. పాప వేలితో చూపించి ఏదో అడుగుతోంది, ఆయన తీరుబడిగా చెబుతున్నాడు. పైన గంట కొట్టింది. ఇద్దరూ తలెత్తి గడియారం చూసి వెళ్ళిపోయారు.

చిల్లరకు దొరికేవి

తాడు కట్టిన దుకాణాలే గిన్జా అయి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పని లేదు. వాకో పక్కనే కిమురయా రొట్టెల దుకాణం ఉంది. 1869లో ఒక మాజీ సమురాయి మొదలుపెట్టినది. ఈస్టుకు బదులు బియ్యంతో చేసిన పులుపును వాడి, తియ్యని చిక్కుడు ముద్దను లోపల కూరి, అన్‌పాన్ అనే రొట్టెను 1874లో వారు చేశారు. ఉప్పులో ఊరిన చెర్రీ పువ్వును మధ్యలో అద్ది 1875 ఏప్రిల్ 4న మెయిజీ చక్రవర్తికి సమర్పించారు. చక్రవర్తి తిన్న రొట్టె కదా అని నేను పర్సు గట్టిగా పట్టుకుని వెళ్ళాను కాని, జేబులోని చిల్లరే సరిపోయింది. టంకశాల పేరు పెట్టుకున్న వీధిలో ఆ రోజు నేను నాణేలతో కొన్నది అదొక్కటే. నూరు యెన్ల నాణెంలో 1966 దాకా వెండి ఉండేదట, ఇప్పుడు రాగీ నికెలూ.

కూడలికి అటువైపు క్యుక్యోదో ఉంది. 1663లో క్యోతోలో పుట్టిన దుకాణం. అగరు, కాగితం, కుంచెలు, కవర్లు అమ్ముతారు. జపాను పన్నుల శాఖ ఏటా ప్రకటించే వీధివారీ భూమి ధరలలో ఈ దుకాణం ఎదుటి నేలకు నలభై ఏళ్ళుగా దేశంలో మొదటి స్థానం. 2025లో అది చదరపు మీటరుకు 4 కోట్ల 80 లక్షల యెన్లు దాటింది. అంత నేల మీద నిలబడి ఒక ముసలమ్మ అగరు పెట్టెలను ఒక్కొక్కటిగా ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తోంది. ఎన్ని చూసిందో నేను లెక్కపెట్టలేదు. చివరకు ఒక చిన్న కవర్ల కట్ట తీసుకుని గల్లా దగ్గరికి వెళ్ళింది. గల్లాలో ఉన్న ఆమె ఆ కట్టను కాగితంలో చుట్టి, అంచులు మడిచి, రెండు చేతులతో అందించిన తీరులో, తెల్ల చేతితొడుగుల దుకాణంలో నాకు జరిగిన మర్యాదకు ఏమాత్రం తక్కువ లేదు. ఇక్కడి మర్యాద మాత్రం ఆ ముసలమ్మ చేత అబద్ధమాడించలేదు.

ఈ రెండు రకాల గడపలూ పక్కపక్కన ఉండడం కాకతాళీయం కాదని నాకు తోస్తుంది. క్యుక్యోదో నేలను అద్దెకిచ్చుకుంటే కవర్లు అమ్మినదానికంటె ఎన్నో రెట్లు వస్తుందని ఎవరైనా చెప్పగలరు. అక్కడి వర్తకులు ఇంకో విషయంలో కూడా ఇలాగే లెక్క తప్పారు. 1998లో భవనాలు 56 మీటర్లు దాటకూడదని నియమం పెట్టుకున్నారు. మత్సుజకాయా స్థలంలో ఆకాశహర్మ్యం లేపాలన్న ఆలోచన వచ్చినప్పుడు స్థానికులు ఎదురు నిలిచి, 2006లో ఆ నియమాన్ని ఇంకా బిగించారు. 2017లో అక్కడ తెరిచిన గిన్జా సిక్స్ ఆ ఎత్తులోనే ఒదిగింది. అందులో తాడు కట్టే దుకాణాలకు కొదవలేదు, అయితే పైన ఎవరైనా వెళ్ళి కూర్చోగల తోట ఉంది, నేల కింద "నో" అనే పాతకాలపు జపాను నాటకాల శాల ఉంది. గిన్జాలోని మిత్సుకోషి స్టోరు తొమ్మిదో అంతస్తు డాబా మీదికీ ఊరికే వెళ్ళవచ్చు. అక్కడ ఒక జిజో మందిరం ఉంది. జిజో అంటే మన క్షితిగర్భ బోధిసత్త్వుడు. ఈ సంగతి మా బావకు చెబితే, "చూశావా, గుడి ఉందన్నానా" అన్నాడు.

ఎవరికి ఊరికే

నా వాదనలో నాకే నచ్చని చోటు ఒకటి ఉంది. గిన్జాలో చూసే హక్కు అందరికీ, ఎల్లప్పుడూ ఉన్నట్టు ఇంతవరకు రాసుకొచ్చాను. అలా లేదు.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, నేను మెచ్చుకున్న ఆ గడియారం భవనాన్నీ, మత్సుయా స్టోరునూ, ఓడిన జపానును ఆక్రమించిన అమెరికా సేనలు తీసుకుని తమ సైనికుల దుకాణాలుగా మార్చుకున్నాయి. 1952 దాకా అందులోకి మామూలు జపానీయులకు ప్రవేశం లేదు. సొంత వీధిలో, సొంత కిటికీల బయట నిలబడి, కడుపు నిండని కాలంలో ఇతరుల సరుకును చూశారు. కొనకుండా చూడడం హక్కని నేను అంటున్నాను. వారికి అది హక్కులా అనిపించి ఉంటుందా? కొనగలిగే వీలు, లోపలికి పోగలిగే వీలు కొంతైనా ఉన్నప్పుడే చూపుకు స్వేచ్ఛ ఉంటుంది. అది బొత్తిగా లేనప్పుడు గాజు పలక గోడ కంటె హీనం. ఆ రోజులలోనే కాలిబాట మీద సాయంత్రపు అంగళ్ళు పెట్టుకుని బతికినవారిని, దారికి అడ్డమనీ పారిశుద్ధ్యమనీ 1951 నాటికి పూర్తిగా ఖాళీ చేయించారు. నడిచేవారికి వీధి మిగిలింది, నేల మీద పరిచి అమ్ముకునేవారికి మిగలలేదు.

ఇంకొకటి 1964 వేసవి నాటిది. మియుకి దోరి అనే అడ్డవీధిలో కురచ ప్యాంట్లు, పెద్ద పెద్ద సంచులతో కుర్రకారు చేరి, ఏమీ కొనకుండా, ఏ పనీ లేకుండా, ఒకరినొకరు చూసుకుంటూ నిలబడేవారు. వారికి మియుకి జొకు, అంటే మియుకి తెగ, అని పేరు పడింది. వారు చేస్తున్నది అక్షరాలా గిన్‌బురాయే. అక్టోబరులో ఒలింపిక్స్ ఉన్నాయనీ, విదేశీయుల కళ్ళకు వీధి శుభ్రంగా కనిపించాలనీ, సెప్టెంబరులో పోలీసులు వచ్చి వారిని పట్టుకుపోయారు. విదేశీయుల కళ్ళకోసమే కట్టిన వీధి కనుక అది దాని జాతకంలోనే ఉందనుకోవాలి.

ఆదివారం మధ్యాహ్నం నేను పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని, ఇస్త్రీ చొక్కాతో అక్కడ తిరిగాను. ఎవరూ నన్ను తేరిపార చూడలేదు. అదే నా స్థానంలో చినిగిన చొక్కా వేసుకున్న ఒక నిరుద్యోగి ఉంటే, ఆ కిటికీల ముందు ఎంతసేపు నిలబడనిచ్చేవారో నేను చెప్పలేను. కాబట్టి నా వాదనను కొంచెం తగ్గించుకుంటాను. గిన్జా అందరిదీ అనను. ఆ వీధి ఎప్పుడు ఎవరికోసం గడప తగ్గించిందో, ఎవరికోసం పెంచిందో చూస్తే, అక్కడి సరుకు ధరలకంటె ఎక్కువ తెలుస్తుందని మాత్రం అంటాను.

ఈ దృష్టితో చూస్తే 1970 ఆగస్టు 2 గిన్జా చరిత్రలో చాలా పెద్ద రోజు. ఆ ఆదివారం మొదటిసారి ప్రధాన వీధిలో కార్లను ఆపి రోడ్డును మనుషులకు వదిలారు. పాదచారుల స్వర్గమని దానికి పేరు పెట్టుకున్నారు. శని, ఆదివారాలలోనూ సెలవు రోజులలోనూ మధ్యాహ్నం పన్నెండు నుంచి ఎండాకాలమైతే ఆరు, చలికాలమైతే అయిదు గంటల దాకా ఇప్పటికీ అది నడుస్తోంది. రోడ్డు మధ్య గొడుగుల కింద వేసిన కుర్చీలలో ఒకదానిలో కూర్చుని, నడిచిపోయేవారి చేతులు చూశాను. దుకాణం పేరున్న కాగితపు సంచులు కొందరి చేతుల్లోనే ఉన్నాయి. మిగిలినవారు గొడుగులో, పిల్లలనో, ఒకరి చేయి ఒకరో పట్టుకుని పోతున్నారు. నలభై అయిదు నిమిషాల వరుసలో నేను చూడలేకపోయిన వీధి ఈ కుర్చీలో కూర్చున్నాక కనిపించింది.

గిన్జాలోనే సుకియబాషి అనే కూడలి మూలన సోనీ వారు చేసినది కూడా ఇక్కడే చెప్పాలి. 1966లో కట్టిన తమ భవనం మూలలో చిన్న చోటు ఖాళీగా వదిలి దానిని గిన్జా పెరడని పిలుచుకున్నారు. ఆ భవనాన్ని పడగొట్టాక కొత్తది వెంటనే లేపకుండా, 2018 నుంచి 2021 దాకా ఆ చోటును తోటలా జనానికి వదిలారు. 2025 జనవరిలో తెరిచిన కొత్త భవనం ఎత్తు, నియమం అనుమతించే ఎత్తులో దాదాపు సగమే. ప్రచారం కోసమే చేశారనవచ్చు. కావచ్చు. అలాంటి ప్రచారం కోసం ఇంకో నలుగురు పోటీపడితే నాకేమీ అభ్యంతరం లేదు.

ఇంకో గిన్జా

మర్నాడు సాయంత్రం పని ముగిశాక హిగాషి గిన్జాలో మెట్రో ఎక్కి, అదే లైనులో తొగోషిలో దిగాను. తొగోషి గిన్జా అనే వీధిని చూడాలని. జపాను నిండా "ఫలానా గిన్జా" అనే బజారు వీధులు లెక్కకు మించి ఉన్నాయి, వాటికి ఇదే మొదటిదని చెబుతారు. 1923 భూకంపం తరవాత ఇక్కడి వర్తకులు వానకు బురదయ్యే తమ వీధి కోసం, కూలిపోయిన గిన్జా ఇటుకలను తెచ్చుకుని పరుచుకున్నారట. ఇటుకలతో పాటు పేరునూ తెచ్చుకున్నారు. జనం ఉండడానికి ఇష్టపడని ఆ చెమ్మ గోడల ఇటుకలు చివరకు బురదలో నడిచేవారి కాళ్ళకింద పనికొచ్చాయన్నమాట.

కిలోమీటరుకు పైగా పొడవున్న ఆ వీధిలో గడప అన్నదే కనిపించదు. దుకాణాలు వీధిలోకే తెరుచుకుని ఉంటాయి. కూరగాయలు, చెప్పులు, చేపలు, మందులు, ఆలుగడ్డ క్రోకెట్లు. ఒక క్రోకెట్టు కొని నిలబడి తిన్నాను. అమ్మినామె ఏం కావాలని అడగలేదు, నేను వేలితో చూపించాను. కిటికీల ముందు ఆగిన తాతామనవరాళ్ళు మాత్రం ఇక్కడ నాకు ఎవరూ కనిపించలేదు. కావలసినది కొనుక్కుని ఎవరి ఇంటికి వాళ్ళు పోతున్నారు. మా బావకు ఈ వీధి నచ్చుతుంది. నాకూ నచ్చింది, అయినా ఆదివారమంతా ఇక్కడే గడపమంటే గడపగలిగేవాడిని కాదనిపించింది. నా అభిప్రాయంలో ఈ బరువు ఏ వైపు పడుతుందో ఇప్పటికీ తేలలేదు.

ఇంటికి వచ్చాక మా ఆవిడకు క్యుక్యోదో కవర్లు ఇచ్చి, హ్యాండ్‌బ్యాగుల దుకాణంలో నేనాడిన అబద్ధం గురించి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను.

"నాకోసమని చెప్పి మీరు చూసొచ్చారా? ఏ రంగువి చూపించారు?" అని అడిగింది.

వాకో కిటికీలో ఏమున్నదో చెప్పగలను. ముసలమ్మ వాసన చూసిన అగరు పెట్టెల మీద బొమ్మలు చెప్పగలను. నా ముందు పళ్ళెం మీద పెట్టి, బట్ట విప్పి, అయిదు నిమిషాలు చూపించిన ఆ బ్యాగుల రంగు మాత్రం ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. తెల్ల చేతితొడుగులే గుర్తున్నాయి.

"గోధుమ రంగు" అన్నాను. అదీ అబద్ధమే.